చెకుముకి తుపాకిలో రంజకం చివర పోయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పాతకాలం తుపాకుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ఈ విషయం మీద తెలుగులో రాసేవాళ్లే తక్కువ. వ్యాసకర్త శ్రద్ధగా రాశారు, బొమ్మలూ బాగున్నాయి. అయితే చెకుముకి తుపాకితో పిట్టల వేట గురించి చెప్పిన భాగంలో కొన్ని పొరపాట్లు దొర్లాయి. అందులో ఒకటి మనుషుల ప్రాణాల మీదికి తెచ్చేది కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో లైసెన్సుతో ఇలాంటి తుపాకులతో పిట్టల వేటకు వెళ్లే తెలుగువాళ్లం కొందరం కలిసి రాస్తున్నది ఇది. ఇక్కడ మనవాళ్లు చాలామంది మీ పత్రికను ఫోన్లో చదువుతారు. ఎవరైనా చదివింది చదివినట్టు చేసి చూస్తారేమోనన్నదే మా భయం.

ముందుగా ఆ ప్రమాదం సంగతి. మొదట పక్కనున్న పళ్లెంలో రంజకం (నిప్పు అంటుకోవడానికి పోసే సన్న మందు) పోసి, ఉక్కు మూత దించి, ఆ తర్వాత గొట్టంలో మందు, గుళ్లు దట్టించాలని వ్యాసంలో ఉంది. వరస తలకిందులైంది. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించగలం. 18వ శతాబ్దపు సైనిక పద్ధతి అదే. సిపాయి దగ్గర మందూ గుండూ కలిపి చుట్టిన కాగితపు పొట్లం ఉండేది. దాన్ని పంటితో కొరికి, చిటికెడు పళ్లెంలో పోసి మూసి, మిగతాదంతా గొట్టంలో గుమ్మరించి కడ్డీతో దట్టించేవాడు. నిమిషానికి రెండు మూడు సార్లు కాల్చాలి కాబట్టి ఆ ప్రమాదాన్ని సైన్యం ఒప్పుకుంది. పిట్టల వేటలో ఆ పొట్లమూ లేదు, ఆ తొందరా లేదు. రంజకం పోసి ఉందంటే ఆ తుపాకి పేలడానికి సిద్ధంగా ఉన్నట్టే. మూతి మీద చెయ్యి పెట్టి కడ్డీతో కూరుతున్నప్పుడు సగం ఎక్కుపెట్టి నిలిపే గాటులోంచి హ్యామర్ (రాయిని పట్టి ఉండే సుత్తి) జారితే కడ్డీతోపాటు వేళ్లు ఎగిరిపోతాయి. పాత లాకుల్లో, అంటే పేల్చే యంత్రాల్లో, ఆ గాటు అరిగి ఉండటం మామూలే. అందుకే వేటలో రంజకం అన్నిటికన్నా చివర, మూతి మనిషికి దూరంగా తిప్పాక మాత్రమే పోస్తారు. ఈ ఒక్క సవరణనైనా వచ్చే ఆదివారం అందరికీ కనబడేలా వేయండి.

చెకుముకి తుపాకి తుస్సుమనడమంతా అదృష్టం మీద ఆధారపడి ఉంటుందన్నది వ్యాసంలో రెండో మాట. దీనితోనూ మేం ఏకీభవించలేం. తుస్సుమన్న ప్రతిసారీ దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. అందుకు లాక్ ఎలా పనిచేస్తుందో ఒకసారి దగ్గర్నుంచి చూడాలి.

హ్యామర్ దవడల మధ్య తోలుముక్కలో చుట్టిన చెకుముకి రాయి బిగించి ఉంటుంది. దానికి ఎదురుగా ఫ్రిజెన్ అనే ఉక్కు పలక నిలబడి ఉంటుంది. ఆ పలక అడుగు భాగమే కింద ఉన్న చిన్న పళ్లేనికి మూత. ట్రిగ్గర్ నొక్కితే రాయి ఉక్కు పలకను పైనుంచి కిందికి గీరుకుంటూ దిగుతుంది, ఆ దెబ్బకే పలక ముందుకు తిరిగి పళ్లెం తెరుచుకుంటుంది, నిప్పురవ్వలు రంజకం మీద రాలతాయి. అక్కడ లేచిన మంట గొట్టం పక్కనున్న సన్న బెజ్జం గుండా లోపలి మందుకు చేరుతుంది. నిప్పురవ్వలు రాయిలోంచి వస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి రాయి అంచు ఉక్కును సన్నగా చెక్కుతుంది, ఆ చెక్కుడే గాలి తగిలి మండుతుంది. లాక్‌ను గొట్టం నుంచి విప్పి, కింద తెల్ల కాగితం పరిచి, రంజకం లేకుండా రెండు మూడు సార్లు కొట్టి చూడండి. కాగితం మీద పడినదాన్ని భూతద్దంతో చూస్తే, కరిగి గుండ్రంగా గట్టిపడిన ఉక్కు పూసలు కనిపిస్తాయి. పూసలు పడలేదంటే తప్పు రాయిలోనో పలకలోనో ఉంది. పూసలు పుష్కలంగా పడుతున్నా తుపాకి పేలట్లేదంటే తప్పు రంజకంలోనో బెజ్జంలోనో ఉంది. సగం రోగనిర్ధారణ ఈ కాగితం మీదే అయిపోతుంది.

రాయిని బిగించడంలోనే ఎక్కువమంది తడబడతారు. రాయి వెడల్పు పలక వెడల్పుకన్నా వెంట్రుకవాసి తక్కువ ఉండాలి, ఎక్కువైతే గొట్టాన్ని గీస్తుంది. సగం ఎక్కుపెట్టినప్పుడు రాయి అంచుకూ పలకకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. అంచు పలకకు సమాంతరంగా, మొత్తం వెడల్పునా ఒకేసారి తగలాలి. ఒక మూల ముందుగా తగిలితే ఆ మూలే విరుగుతుంది. దెబ్బ పలక ఎత్తులో పైనుంచి సుమారు మూడో వంతు దగ్గర పడాలి. అంతకన్నా కింద పడుతుంటే రాయిని తిరగేసి, ఏటవాలు వైపు కిందికో పైకో మార్చి చూడాలి. తోలు కొన్ని దెబ్బలకు నలిగి సర్దుకుంటుంది, కాబట్టి నాలుగైదు సార్లు కాల్చాక స్క్రూ మళ్లీ బిగించాలి. వేటగాళ్లలో పేరున్నది ఇంగ్లండులోని బ్రాండన్ ప్రాంతపు నల్ల రాయి, ఫ్రాన్సు నుంచి వచ్చే తేనెరంగు రాయి. మంచి రాయి సరిగ్గా కుదిరితే ఇరవై నుంచి యాభై సార్ల దాకా పనిచేస్తుంది. అంచు మొద్దుబారితే ఇత్తడి ముక్కతో మెల్లగా నొక్కి పెచ్చులు లేపి పదును తేవచ్చు. ఈ పని గొట్టం ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి, కళ్లద్దాలు పెట్టుకునే చేయాలి.

మందు విషయానికొస్తే, ఇందులో వాడేది అసలైన బ్లాక్ పౌడర్ మాత్రమే. దాని గింజ పరిమాణాన్ని ఎఫ్‌లతో చెబుతారు. ఎఫ్‌లు పెరిగేకొద్దీ గింజ సన్నం. 12 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) గొట్టంలోకి రెండు ఎఫ్‌ల మందు, పళ్లెంలోకి నాలుగు ఎఫ్‌ల మందు వాడటం మామూలు. బ్లాక్ పౌడర్‌కు బదులుగా అమ్మే పొడులు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, అందుకే చెకుముకి తుపాకిలో అవి మొండికేస్తాయి. ఇక ఆధునిక తూటాల్లో ఉండే పొగలేని మందును ఈ గొట్టాల్లో చిటికెడు కూడా వేయకూడదు. గొట్టం చీలిపోతుంది.

కొలత ఎప్పుడూ ఘనపరిమాణంతోనే. ఒక గ్రాము సుమారు 15.4 గ్రెయిన్లు. 70 గ్రెయిన్ల మందు పట్టే కొలతలోనే సుమారు ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల సీసం గుళ్లు పడతాయి. అందుకే పాతకాలం నుంచీ మందుకూ గుళ్లకూ ఒకే కొలత వాడే అలవాటుంది. 20 బోరుకు 65 నుంచి 70 గ్రెయిన్ల మందు, అదే కొలత గుళ్లు. 12 బోరుకు 75 నుంచి 80 గ్రెయిన్లు, గుళ్లు ఔన్సు నుంచి ఔన్సుంపావుకు కాస్త తక్కువ. ఇవి మామూలుగా వాడే మోతాదులు. మీ చేతిలో ఉన్న గొట్టానికి దాన్ని తయారుచేసినవాళ్లు చెప్పిన గరిష్ఠ మోతాదే చివరి మాట. వారసత్వంగా వచ్చిన పాత గొట్టమైతే, తుపాకుల పని తెలిసినవాడు లోపలా బయటా చూసి సరేననేదాకా అందులో మందు పోయొద్దు. మందు పెంచితే దెబ్బ పెరుగుతుందనుకోవడం పొరపాటు. మందు మరీ ఎక్కువైతే గుళ్లు చెల్లాచెదురై మధ్యలో ఖాళీ పడుతుంది. దగ్గర్లో ఉన్న పిట్టకు కూడా ఆ ఖాళీయే తగులుతుంది.

ఇప్పుడు దట్టించే వరస. ఉదయం మొదటిసారి నింపే ముందు, నిల్వ ఉంచినప్పుడు రాసిన నూనె అంతా స్పిరిట్‌తో తుడిచేయాలి. గొట్టం అడుగున నిలిచిన నూనె చుక్క మందును తడిపి మొదటి దెబ్బను పాడుచేస్తుంది. గొట్టం ఖాళీ అని కడ్డీతో చూసి తేల్చుకున్నాక, ఉత్త రంజకం ఒక్కసారి కాలిస్తే బెజ్జం ఆరిపోతుంది. దట్టించేటప్పుడు హ్యామర్ కిందికి దించి, ఉక్కు పలక తెరిచి ఉంచాలి. అలా ఉంటే నిప్పురవ్వ పుట్టే వీలే లేదు. బెజ్జంలో పక్షి ఈక కాడ గానీ పుల్ల గానీ దూర్చి ఉంచితే మందు బయటికి కారదు, తీసినప్పుడు మంట లోపలికి పోవడానికి దారి మిగులుతుంది.

తుపాకి మడమ నేల మీద ఆనించి, మూతిని ముఖానికి దూరంగా వంచి, కొలిచిన మందు పోయాలి. మందు కొమ్ములోంచి గానీ డబ్బాలోంచి గానీ నేరుగా గొట్టంలోకి పోయనే కూడదు. అంతకుముందు కాల్చినప్పటి నిప్పుకణిక ఒక్కటి లోపల మిగిలినా మంట పైకి ఎగదన్ని చేతిలోని డబ్బా అంతా పేలుతుంది. ఎప్పుడూ విడి కొలతలో తీసుకుని, అదీ ఒక నిమిషం ఆగి పోయాలి. గొట్టాన్ని అరచేత్తో రెండుసార్లు తడితే మందు సర్దుకుంటుంది. తర్వాత సుమారు 3 మిల్లీమీటర్ల మందం గట్టి అట్టబిళ్ల, గొట్టంలో బిగుతుగా. దీనిపైన మైనం, కొవ్వు కలిపి తడిపిన మెత్తటి బిళ్ల. ఆ పైన గుళ్లు. అన్నిటికీ పైన మిల్లీమీటరు మందం పలుచటి అట్టబిళ్ల. ఈ పై బిళ్లకు అంచున చిన్న గాటు పెడితే కిందికి నెట్టేటప్పుడు గాలి తప్పుకుంటుంది. కడ్డీని అరచేత్తో నొక్కకుండా వేళ్లతో పట్టుకుని, జానెడు జానెడు చొప్పున నెట్టాలి. చివర మూతిని పైకి, అవతలికి తిప్పి, ఈక తీసి, హ్యామర్ సగం ఎక్కుపెట్టి, రంజకం పోసి పలక మూయాలి.

రంజకం మూడు నాలుగు గ్రెయిన్లు చాలు, పళ్లెం సగానికన్నా తక్కువే. కొత్తవాళ్లు నిండుగా పోసి నష్టపోతారు. బెజ్జం రంజకంతో పూడిపోతే మంట ఒక్క దూకులో లోపలికి వెళ్లలేక, గింజ గింజా కాలుతూ వత్తిలా పాకుతుంది. అప్పుడు వినబడేది తుస్సు, కాసేపాగి ఢాం. బెజ్జం తెరిచి ఉంటే ఆ రెండు చప్పుళ్లూ ఒకటిగా కలిసిపోతాయి. బెజ్జం మామూలుగా 1.6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పళ్లెంలో రంజకం మట్టానికి అది కాస్త పైన ఉండేలా పాతకాలం పనివాళ్లు చూసుకునేవారు.

కడ్డీకి రెండు గీతలు తప్పనిసరి. ఒకటి గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు, ఒకటి సరైన మోతాదు నింపినప్పుడు మూతి దగ్గర పెట్టాలి. మాట్లాడుకుంటూ నింపేవాళ్లు ఒక మోతాదు మీద ఇంకో మోతాదు పోయడం ఈ తుపాకుల్లో తరచూ జరిగే తప్పు. రెండో గీత మూతికి పైన తేలిందంటే వెంటనే ఆగాలి. బిళ్లకూ మందుకూ మధ్య ఖాళీ మిగలడం కూడా ప్రమాదమే, అదీ ఈ గీతే చెబుతుంది.

రెండు గొట్టాల తుపాకిలో మరో సమస్య ఉంది, వ్యాసం దాన్ని ముట్టుకోలేదు. కుడి గొట్టం పేలినప్పుడు ఆ కుదుపుకు ఎడమ గొట్టంలో గుళ్ల మీది బిళ్ల ముందుకు జరుగుతుంది. రెండు మూడు సార్లు కుడిదే కాల్చి కుడిదే నింపుకుంటూ పోతే ఎడమ గొట్టంలో బిళ్లా గుళ్లూ సగం దూరం వచ్చి కూర్చుంటాయి. అప్పుడు ఎడమది కాలిస్తే గొట్టం ఉబ్బడమో పగలడమో ఖాయం. కాబట్టి ఒక గొట్టం నింపే ప్రతిసారీ రెండోదాంట్లో కూడా కడ్డీ దించి గీత చూడాలి. అంతకుముందే ఆ రెండో గొట్టం రంజకం దులిపేసి, పలక తెరిచి, హ్యామర్ దించాలి. ఎక్కుపెట్టి ఉన్న గొట్టం పక్కనే చెయ్యి పెట్టి ఇంకోదాన్ని నింపినవాళ్ల గాయాల గురించి పాత ఇంగ్లీషు వేట రాతల్లో పదేపదే కనిపిస్తుంది.

ఇక మూడో మాట. రంజకం మెరిసిన తర్వాత గుళ్లు వెలువడేలోపు పిట్ట వెళ్లిపోతుంది కాబట్టి ఎగిరే పిట్టను చెకుముకి తుపాకితో కొట్టడం అసాధ్యమని వ్యాసకర్త తేల్చేశారు. ఈ ఫిర్యాదు కొత్తది కాదు. స్కాట్లండులోని బెల్‌హెల్వీ చర్చి పాస్టర్ అలెగ్జాండర్ జాన్ ఫోర్సిత్ కూడా పళ్లెంలో మెరుపు చూసి పిట్టలు తప్పించుకుంటున్నాయనే కొత్త లాక్ మీద పనిచేశాడు. దెబ్బ తగిలితే పేలే రసాయనంతో నడిచే ఆ లాక్‌కు 1807లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత వచ్చిన క్యాప్ (దెబ్బకు పేలే చిన్న లోహపు టోపీ) తుపాకులన్నిటికీ మూలం అదే. కానీ ఫోర్సిత్‌కు ముందు కూడా ఇంగ్లండులో ఎగిరే పిట్టలను కొట్టేవాళ్లు కొల్లలు. 1787లో హెన్రీ నాక్ గొట్టం అడుగుభాగాన్ని మార్చి మందు వేగంగా అంటుకునేలా పేటెంట్ చేశాడు. లండన్‌లో జోసెఫ్ మాంటన్ వంటి పనివాళ్లు చేసిన జంట గొట్టాల చెకుముకి తుపాకులు ఈనాటికీ తూకంలోనూ చురుకులోనూ వంక పెట్టలేనివి.

లెక్క చూద్దాం. మంచి లాక్‌లో ట్రిగ్గర్ వదిలినప్పటి నుంచి గొట్టంలో మందు అంటుకునేదాకా పట్టే సమయం సెకనులో పదో వంతు కన్నా తక్కువ. వంద భాగాల్లో ఏడు అనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోయే పిట్ట ఆ కాస్త సమయంలో దాదాపు నాలుగడుగులు కదులుతుంది. ఆ తర్వాత గుళ్లు 25 గజాలు చేరడానికి పట్టే సమయంలో ఇంకో నాలుగున్నర అడుగులు. రెండో లెక్క ఏ తుపాకికైనా తప్పదు, అంత ముందుకు గురి పెట్టాల్సిందే. మొదటి నాలుగడుగులు మాత్రం, ట్రిగ్గర్ నొక్కగానే తుపాకిని ఆపేసేవాడికే నష్టం. పిట్ట వేగంతోపాటు తుపాకి మూతిని తిప్పుకుంటూ, నొక్కాక కూడా అదే వేగంతో తిప్పుతూ పోయేవాడికి లాక్ ఆలస్యం లెక్కలోకే రాదు. పిట్ట కదిలినంతా మూతీ కదులుతుంది కాబట్టి మధ్య దూరం మారదు.

మరి ఎందుకు తప్పుతుందంటే, కంటికి జానెడు దూరంలో మెరుపు, పొగ లేస్తాయి. మనిషి ఉలిక్కిపడి తల ఎత్తుతాడు, లేదా చెయ్యి ఆపేస్తాడు. గుళ్లు పిట్ట వెనక పోతాయి. దీనికి విరుగుడు సాధనే. దవడల్లో రాయికి బదులు అదే పరిమాణంలో చెక్కముక్క బిగించి, ఖాళీ తుపాకితో గోడ మీద గీత వెంబడి తిప్పుతూ నొక్కడం అలవాటు చేసుకోవాలి. తర్వాత గొట్టం ఖాళీగా ఉంచి ఉత్త రంజకంతో. మెరుపు వచ్చాక కూడా గురి గీత మీదే ఉందా లేదా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది. ఆ తర్వాతే మట్టి పళ్లేలను ఎగరేసి కాల్చడం, చివరికి వేట. కళ్లద్దాలు ప్రతి దశలోనూ ఉండాలి. బెజ్జం నుంచి మంట, గింజలు కుడివైపు అడ్డంగా చిమ్ముతాయి. తోటివాడిని గానీ కుక్కను గానీ కుడి భుజం పక్కన నిలబెట్టొద్దు.

ఈ తుపాకి గొట్టాలు చాలామటుకు మూతి దగ్గర సన్నబడవు. అలాంటి గొట్టం నుంచి 40 గజాల దగ్గర 30 అంగుళాల వలయంలో పడేవి సుమారు 40 శాతం గుళ్లే. అందుకే 25 గజాలు, మహా అయితే 30 గజాలు దీని హద్దు. వేటకు ముందు పెద్ద కాగితం కట్టి 25 గజాల నుంచి కాల్చి, గుళ్ల మచ్చలు లెక్కపెట్టాలి. మధ్యలో బోలుగా, చుట్టూ వలయంలా పడుతుంటే ఆ మెత్తటి బిళ్ల గుళ్లను వెనకనుంచి తోసి చెదరగొడుతోందని అర్థం. దాన్ని సగం మందానికి చీల్చి వాడితే చాలాసార్లు సర్దుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే మందు ఐదు గ్రెయిన్లు తగ్గించాలి.

హద్దు ఇది కాబట్టి కుక్క పసిగట్టి నిలబడితే దగ్గర్లోంచి లేచే పిట్టలే దీనికి తగినవి. మా వైపు రఫ్డ్ గ్రౌజ్, వుడ్‌కాక్, ఇంకా ఫెజంట్. వుడ్‌కాక్‌కు 7½ లేదా 8 నంబరు గుళ్లు, ఫెజంట్‌కు 5 లేదా 6 నంబరు. గ్రౌజ్ పెన్సిల్వేనియా రాష్ట్ర పక్షి. వెస్ట్ నైల్ వైరస్ దెబ్బకు ఇక్కడ బాగా తగ్గింది, అది మాకు నిజంగా బాధ కలిగించే విషయం. సీజన్ ఉన్నా రెండు కనిపిస్తే ఒకటి వదిలేసే వేటగాళ్లు మాలో ఉన్నారు. బాతులు, పెద్దబాతుల వేటలో సీసం గుళ్లు అమెరికా అంతటా 1991 నుంచి నిషేధం, ముందునుంచి నింపే తుపాకికైనా మినహాయింపు లేదు. ఉక్కు గుళ్లు మెత్తటి పాత గొట్టాలను గీసి పాడుచేస్తాయి కాబట్టి బిస్మత్ గుళ్లు వాడాలి. ఖరీదెక్కువే, తప్పదు.

తడి ఈ తుపాకికి అసలు శత్రువు. బ్లాక్ పౌడర్ కాలాక మిగిలే మసి గాల్లోని తేమ పీల్చుకుంటుంది. ముసురు పట్టిన రోజు పళ్లెంలో ఆ మసి నిమిషాల్లో నల్లటి చారులా మారి కొత్త రంజకాన్ని ముంచేస్తుంది. కాల్చిన ప్రతిసారీ పళ్లెం, పలక, రాయి అంచు పొడిగుడ్డతో తుడవాలి, బెజ్జంలో సన్నటి తీగ పోనివ్వాలి. ఐదారుసార్లకు ఒకసారి గొట్టాన్ని తడిగుడ్డతో, వెంటనే పొడిగుడ్డతో. లాక్ మీద మైనం పట్టించిన తోలు తొడుగు కప్పుకుని, అరగంటకోసారి పాత రంజకం దులిపి కొత్తది పోస్తే చిన్న వానలో కూడా పని జరుగుతుంది. పళ్లెంలో మెరిసి లోపల పేలకపోతే తుపాకిని దించొద్దు. ఒక నిండు నిమిషం మూతిని ఖాళీ దిక్కుకే పట్టి ఉంచాలి. ఆ తర్వాత బెజ్జం పొడిచి మళ్లీ రంజకం పోయాలి. ఇంటికి చేరాక, ఆ రోజే, వేడినీళ్లతో గొట్టం కడిగి ఆరబెట్టి నూనె పట్టించాలి. మర్నాడు చూద్దాంలే అనుకుంటే తుప్పు ఆ రాత్రే మొదలవుతుంది.

వ్యాసం చివర, మన ఏజెన్సీ ప్రాంతాల్లో పట్టుబడే నాటు తుపాకులను కూడా చెకుముకి తుపాకులనే అన్నారు. అవీ మూతి నుంచే నింపేవి కావచ్చు గానీ సాధారణంగా క్యాప్‌తో పేలతాయి, రాయితో కాదు. వాటి గొట్టం దేనితో చేశారో, ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో ఎవరూ పరీక్షించరు. పైన చెప్పిన మోతాదులను దయచేసి ఎవరూ వాటికి అన్వయించొద్దు. మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం ఆయుధాల చట్టం కింద నేరం. లైసెన్సు ఉన్నా సరే, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం కౌజులు, పూరేళ్లు, అడవి కోళ్ల వేట నిషిద్ధం. 2022 సవరణ తర్వాత మామూలు ఉల్లంఘనకే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. నెమలి వంటి మొదటి షెడ్యూలు పక్షుల విషయంలో శిక్ష ఇంకా ఎక్కువ. మేం చెప్పిందంతా వేట చట్టబద్ధమైన చోటికే వర్తిస్తుందని మీరు కూడా ఒక వాక్యం చేర్చండి.

మన దేశంలో తయారై అమెరికాలో చవకగా అమ్ముడయ్యే చెకుముకి తుపాకి నకళ్లు కొన్ని బెజ్జం వేయకుండానే వస్తాయి, అలంకారానికని చెప్పి. బెజ్జం ఒక్కటి వేయిస్తే సరిపోతుందని కొనేవాళ్లు ఉన్నారు. ఇటలీ, స్పెయిన్, బ్రిటన్లలో గొట్టాన్ని ఎక్కువ మోతాదుతో పరీక్షించి ముద్ర వేయడం చట్టం. అమెరికాలో ఆ నిర్బంధం లేదు. ముద్ర లేని గొట్టంలో మందు పోయకండి. ఆ నకళ్లలో ఉక్కు పలక కూడా చాలాసార్లు మెత్తగా ఉంటుంది, రాయి దాన్ని దున్నేస్తుంది తప్ప నిప్పురవ్వ రాలదు.

ఇక్కడి మన విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక మాట. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు ఉండటం దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. పాత తరహా చెకుముకి తుపాకిని 1968 నాటి చట్టం ఫైర్‌ఆర్మ్‌గా లెక్కించకపోయినా, రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉంటాయి. కాబట్టి కొనే ముందే మీ రాష్ట్రపు నిబంధన చూసుకోండి. ముందు హంటర్ ఎడ్యుకేషన్ తరగతి, తర్వాత లైసెన్సు. వుడ్‌కాక్ వంటి వలస పక్షులకు విడిగా నమోదు, బాతులకైతే 16 ఏళ్లు నిండినవాళ్లందరికీ డక్ స్టాంప్ (బాతుల వేటకు కొనాల్సిన ఫెడరల్ స్టాంపు). పెన్సిల్వేనియాలో చిన్న జంతువులు, పిట్టల వేటకు తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు దుస్తులు ఉండాలి. బ్లాక్ పౌడర్‌ను విమానంలో చేతిసంచిలో గానీ, లగేజీలో గానీ తీసుకెళ్లకూడదు. దిగిన ఊళ్లోనే కొనుక్కోవాలి.

ఇట్లు,
పెన్సిల్వేనియా నుంచి
కొందరు తెలుగు పాఠకులు